యాప ఏరు

సోమవారం పోసిన బకీటు
పది లెక్కపెట్టేలోపల దిగింది.
బుధవారం నలభై.
శుక్కురారం పొద్దున లెట్రిన్ల నీళ్ళు
అంచు దాక లేసి, నిలబడి,
అలిగిన సుట్టం లెక్క
మా మొకాలు చూసుకుంట మెల్లగ పోయినయి.

"ట్యాంకు నిండింది" అన్నడు మా ఆయన.
దేవరకద్ర నుంచి ట్రాక్టరు రావాలంటే పద్దెనిమిది నూర్లు.
ఫోను చెవికి పెట్టుకున్నడు.
"ఆగు" అన్నది మా అత్త పెంటమ్మ.

ఆమెకు ముందు పుట్టినోళ్ళు ముగ్గురు దక్కలే.
ఈమెను చాటల ఏసుకపోయి
పెంటకుప్ప మీద పెట్టి మల్ల తెచ్చుకున్నరట.
అందుకే ఆ పేరు.
పదహారేండ్లు ఎవరెవరి ఊర్లల్లనో కాల్వలు తవ్వింది.
నీళ్ళు ఎక్కడ ఆగినయో
ఇంజినీరు కాయిదం మడత ఇప్పకముందే
కాలి బొటనేలుతోని చూపెట్టేదట.

"ఇంకో బకీటు పొయ్యి. మాట్లాడకు."
పోసిన.
లోపల ఎవరో నమిలినట్టు గుడగుడ.
గోడెనక్కి పోయి చాంబరు బండ లేపింది.
అండ్ల కూడ నీళ్ళే, మూతి దాక.
"అయితే అడ్డం ఇంట్ల లేదు. ఈడికెల్లి అవతలనే."

ట్యాంకు మూత కొడుకుతోని జరిపించి
అందరిని దూరం నిలబెట్టింది.
"గాలి పోనియ్యాలె. బీడి ముట్టియ్యకు.
అండ్లకు వంగి చూసినోళ్ళు
వంగినట్టే ఉండిపోయిండ్రు, నేను చూసిన."
ఒక చాయ తాగేంత సేపు ఎవ్వరం కదలలే.
తర్వాత పొడుగు కట్టె దించి, తీసి, తడి కొలిచింది.
పైపు మూతికి జానెడు కిందనే ఉన్నది.
"నిండలే. నీ పైసలు నీ జేబుల పెట్టుకో."

మిగిలింది చాంబరుకు ట్యాంకుకు నడుమ
ఏడడుగుల పైపు.

డ్రిప్పుకు తెచ్చిన నల్లపైపు తోలినం.
ఐదడుగుల కాడ మెత్తగ తాకి
ఎనక్కి నూకింది.
"రాయి గాదు, మట్టి గాదు.
బట్ట లెక్కున్నది" అన్నది.
తల్పు కాడ నిలబడ్డ నా బిడ్డ శివలీల
ఆ మాటకు ఇంట్లకు పోయింది.

అత్త అది చూసింది.
ఆమె చూసినంక నేను చూసిన.

"పో నాయినా, ఊర్లెకు పోయి బ్లీచింగు పొడి తే"
అని కొడుకును పంపింది.
చేతులకు కవర్లు కట్టుకొని
ఇనుప తీగ కొసను కొక్కెం లెక్క వంచి
గుంజింది.
ఒకటి. ఉబ్బి, బూడిద రంగుల.
మల్ల గుంజింది. మూడు. నాలుగు.
పేపర్ల చుట్టి, దాని మీద ఇంకో పేపరు చుట్టింది.
అప్పుడు పోయినయి నీళ్ళు,
ఒక్క గుటకల,
చాంబరు అడుగు సిమెంటు కనబడేదాక.

ఏడ పారేస్తది పిల్ల?
ముందట తండ్రి మంచమేసుకొని కూసుంటడు.
ఎనక ఆశన్నోళ్ళ గోడ, గోడకానుకొని యాపచెట్టు.
చెత్త బండి నడిపేది
పదో తరగతి దాక ఆమెతోని చదివిన పిలగాడు.
నాకన్న చెప్పొద్దా అనుకున్న.
నేను మా అమ్మకు చెప్పిన్నా?

మా ఆయన పొడి పట్టుకొని వచ్చి
"ఏమెల్లింది?" అన్నడు.
"యాప ఏరు" అన్నది మా అత్త, కన్నార్పకుండ.
"నా శెయ్యి మందం."

మాపటికి అంగట్ల నుంచి
మూత ఉన్న చిన్న బకీటు, గులాబి రంగుది, తెచ్చి
లెట్రిన్ల మూలకు పెట్టింది.
పక్కన పాత పేపర్లు మడతపెట్టింది.
శివలీలకు ఏం చెప్పలే.
సబ్బుతోని మూడుసార్లు చేతులు కడుక్కొని
అన్నానికి కూసున్నది.

ఇప్పుడు పదికే దిగుతున్నయి.
లోపల పిల్ల లెక్కపెడ్తది, నాకు ఇనబడ్తది.

మా ఆయనకు మాత్రం
వారం సంది ఆశన్నతోని కొట్లాట.
చెట్టు కొట్టెయ్యాలంటడు.
"నా చెట్టు ఏరు అంత దూరం ఎట్ల పోతది?" అంటడు ఆశన్న.
పెంటమ్మ అరుగు మీద కూసొని
ఆకు నములుకుంట ఇద్దరివీ ఇంటది.
"పోనియ్ కొడుకా,
తీసిన గద.
ఆ ఏరు మల్ల రాదు" అంటది.