సు.

ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక
ఎరువుల అంగడి మిద్దె మీద నా కుర్చీ.
రోజుకు నూటయాభై పేజీలు సరిచూడాల.
కోసిగి దిక్కు ఆరోగ్య ఉపకేంద్రం పాత రిజిస్టర్లు,
పచ్చ అట్టలు, చెదలు కొరికిన మూలలు.

రాసిన నర్సమ్మకు నాలుగు ఊర్లు, రెండే కాళ్లు.
అందుకే మాటకు తల ఉంచి మొండెం వదిలేసింది.
గ. అంటే గర్భిణి.
ర.త. అంటే రక్తం తక్కువ.
చుక్క పెట్టడం, చెప్పులు తొడుక్కోవడం,
పక్కింటి తలుపు కొట్టడం.

ఆ చుక్క మింగిన మాటను కంప్యూటరు కక్కాల.
దానికి లోకంలోని కాగితాలన్నీ చదివించినారంట.
ముందు మాట చూసి, వెనక మాట చూసి
నడిమి మాట ఊహిస్తుంది,
మా జేజి అరుగు మీద కూచొని
సగం వినపడిన కేకతో
వీధి తగువంతా చెప్పినట్టు.

తాయమ్మ పక్కన గ. ఉంటే గర్భిణి అంది.
పది పక్కన గ. ఉంటే గంటలంది.
ఫర్వాలేదే అని టీ తెప్పించుకున్నా.

అప్పుడొచ్చింది సు.

ఇం.నెం. 14. తాయమ్మ. ఏడో నెల. సు.
సుస్తీ, అంది.
ఇం.నెం. 15. మారెప్ప బిడ్డ. రెండో టీకా బాకీ. సు.
సురక్షితం, అంది.
ఇం.నెం. 16. తాళం. సు.
సుమారు, అంది,
నమ్మకం నూటికి పన్నెండని పక్కనే ఒప్పుకుంటా.
తాళం సుమారుగా ఎవరేస్తారు?

నవ్వినా గానీ
ఆ మాట నాకు తెలుసు.
కోసిగి టేసన్లో, రాత్రి బండి కోసం,
మూటల మీద నిద్రపోయిన ఒళ్లు ఇది.
అయినా నేను చెప్పలేదు.
వరుస వరుస కాదు,
రిజిస్టరంతా ఒక్కసారి చదువు అన్నా.

చదివింది.
డిసెంబరు మొదటి వారం ఇంటింటికీ సు.
ముసలోళ్ల పక్కన లేదు, బడి పిల్లల పక్కన ఉంది.
మార్చి కడాన తి.వ., తిరిగి వచ్చినారు.
వచ్చినోళ్లకు అరచేతుల మంట, కండ్ల మంట,
ఉరుకుందమ్మకు మిరప ఘాటుకు ఆగని దగ్గు.

సుగ్గి, అంది.
నూటికి తొంభైనాలుగు.

టీ మీద మీగడ కట్టింది.
దానికి గుంటూరు తోట తెలీదు,
కాయ కోసిన చేత్తో కన్నీళ్లు తుడుచుకుంటే
ఏమైతుందో తెలీదు.
చుట్టూ ఉన్న ఖాళీని తడిమి
నడుమ ఉన్నదాన్ని పట్టుకుంది, అంతే.
మా బడిలో సారు ఐదేండ్లు
నా పేరు ఎదురుగా గై. గై. గై. అని రాసినాడు.
ఆయప్ప ఆ పట్టీని
ఒక్కసారి కూడా కలిపి చదవలేదు.

నేర్చుకున్నాక దానికి ధైర్యమెక్కువైంది.
ప్రతి పేజీ అడుగునా సుగ్గి అని రాయబట్టె.
అది సంతకం రా అయ్యా,
నర్సమ్మ పేరు సువార్తమ్మ.
నూట పద్దెనిమిది చోట్ల కొట్టేసి దిద్దినా.

ఆఖరు రిజిస్టరు. జనవరి.
ఇం.నెం. 1 నుంచి 40 దాకా తాళాలు.
అడుగున ఒక్క వాక్యం, అలవాటు లేని పూర్తి మాటల్లో:
బిడ్డలు ఊర్లో లేరు, మందు పాడైపోతుంది,
ఐసుపెట్టె తీసుకొని పోతున్నా.
ఆ కింద
సు.

తరవాత మూడు వారాలు తెల్ల కాగితం.

సుగ్గి యాభైయొకటి, అంది.
సువార్తమ్మ నలభైతొమ్మిది.
ఏదో ఒకటి ఎంచుకోమని గీత మినుకుతా ఉంది.
పొట్టి మాట పొట్టిగా వదలకూడదని
మాకు రూలు,
పేజీకి రూపాయిన్నర కోత.

కింద అంగడి షట్టరు దించుతున్నారు.
సు. అని కొట్టినా,
చుక్కతో సహా.