గుంపు, రెండో కూర్పు

నల్లవంతెన దగ్గర, రొయ్యల మేత కొట్టు పైన మా ఆఫీసు.
మెట్లెక్కేసరికి ఎండుచేపల పొడి వాసన
కీబోర్డు సందుల్లో కూడా కూర్చునుంటుంది.

ఇక్కడ యుద్ధం తయారుచేస్తాం.
తెర మీద ఒడ్డు, ఒడ్డుకి దిగే సిపాయిలు,
సాయంత్రం రీసెట్ కొడితే లేచొచ్చే చావులు.

"కొత్తగా రాయకండి మేడమ్, ఉన్నదే బిగించండి"
అంటాడు కడలి బుల్లబ్బాయి.
వాళ్ల నాన్న తాళ్లరేవులో పడవలు కడతాడు:
చితికిన నావ టేకు ఊడదీసి
మేకు చిల్లుల్లో గుగ్గిలం నింపి
కొత్తదానికి పక్కటెముక చేస్తాడు.

నీరు మా దగ్గర ముందే ఉంది.
లాకులెత్తితే ఏ చేను ఎన్ని గంటలకి తడుస్తుందో
లెక్కకట్టడానికి ఎప్పుడో రాసినది.
ఇప్పుడు దాని మీద యుద్ధనౌక తేలుతోంది.
దానికి లోతు తెలుసు, పోటు తెలుసు.
పైన ఏం పోతోందో అడగడం మేం నేర్పలేదు.

గుంపు మాత్రం నాది.
ముక్కామలలో కోతలైన చేలల్లో
నేలపూడి ఏసురత్నం బాతుల వెనక
మూడ్రోజులు ఫోను పట్టుకు తిరిగి రాశాను.
పక్కదాన్ని గుద్దుకోకు.
అందరూ పోయే వైపే పో.
దూరమైతే దగ్గరికి రా.
ఎత్తు మార్చి, వేగం మార్చి, తుపాకీ తగిలిస్తే
బాతు సిపాయి అయిపోయింది.
"భలే క్రమశిక్షణ!" అన్నారు కమాండర్ గారు.
బుల్లబ్బాయికి దగ్గొచ్చింది.

నిన్న ఒడ్డున ఊరు కూడా కావాలన్నారు.
నూట నలభై మంది పౌరులు. ఖాళీ చెయ్యాలి.
అదే గుంపు, తుపాకీ తీసేసి బిగించాను.
పదకొండు నిమిషాల్లో ఊరు ఖాళీ.
ఒక్కరూ వెనక్కి చూడలేదు.

తొంభై ఆరు తుఫాను రాత్రి
మా మేనత్త పల్లాలమ్మ స్కూలు మెట్ల దాకా వచ్చి
గేదెని విప్పలేదని వెనక్కెళ్లింది.
తెల్లారాక వచ్చింది, చేతిలో పలుపుతో.

ఏసురత్నమూ చెప్పాడు అప్పుడు:
"ఒకటి ఆగిపోద్దండి ఎప్పుడూ. దేనికో తెల్దు."
ఆ బాతుని నేనే కొలతల్లోంచి తీసేశాను,
లెక్క నున్నగా రావాలని.

రాత్రి నాలుగో నియమం కలిపాను.
పొద్దున్నే తిరిగొచ్చింది: 'లోపం. సమయం మించింది. సరిచేయగలరు.'

కింద మేత బస్తాలు దించుతున్నారు.
కిటికీ అద్దం సన్నగా అదురుతోంది.
తెర మీద నూట నలభై మందిలో ముగ్గురు
వెనక్కి నడుస్తున్నారు.
దేనికోసమో నేను రాయలేదు.