కట్టుబాటు లేదు

అరూషాలో వాన వెలిసింది.
హోటల్ మూడో అంతస్తులో ఏసీ హోరు మాత్రం ఆగలేదు.
తెల్లారేలోపు ఈ పట్టికను స్వాహిలీలో పెట్టాలి నేను,
నాలుగు వందల పన్నెండు పేజీలు, దేశానికో రంగు అట్ట.

ఇక్కడ మాటలన్నీ బోర్లా తిప్పిన గిన్నెలు.
"ఏవీ లేవు" అంటే
అడ్డంకులేవీ లేవని, తలుపు బార్లా తెరిచారని.
"కట్టుబాటు లేదు" అంటే స్వేచ్ఛ అనుకునేరు!
మాట ఇవ్వలేదని అర్థం,
గడియ ఇంకా లోపలివాళ్ళ చేతిలోనే ఉందని.
మొదటి ఏడాది నేనూ బోల్తా పడ్డాను,
"హురు" అని రాసేశాను, స్వేచ్ఛ అని.
నైరోబీ వకీలు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.

బ్యాంకులకు: ఏవీ లేవు.
బీమాకు: ఏవీ లేవు,
అడుగున చీమ తలంత అక్షరాల్లో ఒక షరతు.
రెండు వందల ఎనభై ఏడో పేజీ, కేశాలంకరణ సేవలు,
సహజ వ్యక్తుల రాకపోకలు:
కట్టుబాటు లేదు.

సహజ వ్యక్తి అంటే కంపెనీ కాని మనిషట.

నమంగాలో అలాంటిది ఒకతె ఉంది, నైషోరువా.
గీతకు ఇవతల నిద్ర, అవతల పని.
తనది నున్నగా గొరిగిన తల,
ఊళ్ళో జడలన్నీ ఆమె వేళ్ళలోంచి వచ్చినవే.
గేటు దగ్గర సంచీ విప్పుతుంది:
దువ్వెన, నూనె సీసా, నైలాన్ జుట్టు మూడు కట్టలు.
సరుకు మీద సుంకం ఎప్పుడో ఎత్తేశారు.
దువ్వెన దాటొచ్చు. నూనె దాటొచ్చు.
పది వేళ్ళకే పర్మిట్ కావాలి.

"అత్తను చూడ్డానికి" అంటుంది రోజూ.
"మీ అత్తకు ఎన్ని తలలే?" అన్నాడట ఆఫీసరు.
వాళ్ళమ్మాయి పెళ్ళికి జడలేసిందీ ఈమే,
ఆ పూట ఎవరూ కాగితం అడగలేదు.

అవతల కుర్చీ అద్దె కట్టే మ్వెండే కూడా నాకు తెలుసు.
"అది తలకు రెండొందలు తగ్గిస్తే
నా పిల్లలకు ఏం పెట్టను?" అంది, మొహం తిప్పుకుని.
ఆ మాటా అబద్ధం కాదు.
ఈ చిక్కు తీసే దువ్వెన
నా నిఘంటువులో లేదు.

"హకునా అహదీ" అని కొట్టాను. మాట ఇవ్వలేదు.
శనివారం నైషోరువా బిగించిన జడలు
ఇంకా కణతలు లాగుతున్నాయి.

నాలుగున్నరకు ఫైలు పంపేశాను.
ఈపాటికి ఆమె సంచీ భుజాన వేసుకుని
బస్సులూ లారీలూ దాటుకుంటూ నడుస్తుంటుంది,
ఇవాళ అత్తకు
ఏ జబ్బు చేసిందో ఆలోచించుకుంటూ.