సాలు

కొత్తవాడలో ఒక్క మగ్గం ముందట
ఇరువై రెండేండ్లు పక్కపక్కన కూసున్నం.
ఎడమ దిక్కు సారంగపాణి, కుడి దిక్కు నేను.
జంపఖానా నడుమ రెండు రంగులు కలిసే కాడ
ఇద్దరి వేళ్లు తాకేవి.
మాటలు తక్కువ.
పంజాతో పడుగు మీద రెండు దెబ్బలు కొడితే
ఆగు, నా దిక్కు పని తక్కువైంది అని.
గంతే మా బాస.

ఇయ్యాల ఎంజీఎం ఛాతీ వార్డుల
అతని ముక్కుకు గొట్టం.
కోడలు పత్తి మిల్లు షిఫ్టుకు పోతూ
"జోడీవి కదా పెద్దమ్మా, నువ్వు కూసో" అన్నది.

డాక్టర్ నుజహత్ చిన్న పిల్ల.
అతని వీపు అడుగున విని విని
ఆ గొట్టాలు నా చెవులకూ తగిలించింది.
ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా
కొత్త గుడ్డను ఎవరో మెల్లగ చింపుతున్నరు.

"సెల్ సిగ్నల్‌ల తేడా వచ్చింది తాతా."
సారంగపాణి అంగి జేబుల ఫోను తీసి చూసిండు.
"రెండు గీతలున్నయి కదమ్మా."
నవ్వినం. అతని నవ్వు దగ్గయింది.
దగ్గు తగ్గేదాక
ముగ్గురం సిలిండర్ ముల్లునే చూసినం.

అప్పుడామె ఎక్స్‌రే కవరు వెనక బొమ్మ గీసింది.
లోపలి గోడ ఉల్లిపొర కన్న పల్చనట.
దూది నూగో, రంగు పొడో,
ఒక్కోసారి ఏందో ఎవరికీ తెల్వదట,
దాన్ని గీరుతది.
గీరుకున్న కణం చిట్టీ పంపుతది.
దారం పోసే కణాలు లేచొస్తయి, నేస్తయి,
చిల్లు మూసుకుంటది.
పనైనంక అవి రాలిపోవాలె.
ఇక్కడ రాలిపోలేదు.

"సాలు అనేటోడు లేడా లోపల?"
అడిగిండు సారంగపాణి.
"సాలోల్లకే దొరకాల్నా ఈ రోగం!"

ఆమె నవ్వలేదు.
"నేసిన గుడ్డలనే పాత చిట్టీలు ముడేసి ఉంటయి తాతా.
గుడ్డ మెత్తగున్నన్ని రోజులు ముడి ఊడదు.
గట్టిపడ్డంక
కణం గుంజినప్పుడు, ఊపిరి సాగదీసినప్పుడు
ఒక ముడి ఊడుతది, ఒక చిట్టీ బయట పడుతది.
నెయ్యి, ఇంకా నెయ్యి అని."

అంటే నేసిన గుడ్డే నెయ్యమంటది.
బతకడానికి పీల్చిన గాలే ముడి విప్పుతది.

నాకు సొసైటీ ఆఫీసు యాదికొచ్చింది.
ఆర్డర్ లేదని మేనేజర్ చెప్పినంక కూడ
పదకొండు రోజులు నేసిండు ఈ మనిషి.
ఎవరి కోసమంటే చెప్పలే.
అప్పటి జంపఖానాలు మూడు
మా అటక మీద ఎలుకల పాలైనయి.
బయటి మగ్గానికి నెయ్యి అనే చిట్టీ రాక తొమ్మిదేండ్లు.
లోపలి మగ్గానికి
ఆగు అనే చిట్టీ రాలే.

గోలీలు రాసింది.
చిట్టీ అందుకునే తలుపులు కొన్ని మూస్తయట.
అన్నీ కాదు.
"నిమ్మలమైతది, ఆగదు" అన్నది,
ధర చెప్పేటప్పుడు కిటికీ దిక్కు చూసింది.

రాత్రి రెండు దాటింది.
పక్క మంచం పిలగాడు నిద్రల పండ్లు కొరుకుతుండు.
సారంగపాణి వేళ్లు దుప్పటి మీద
లేని పేకను దూరుస్తున్నయి,
ఎడమ నుంచి నడుమకు,
నడుమ నుంచి వెనక్కు.

ఏం తోచిందో,
అతని వీపు మీద, ఆ చప్పుడు విన్న కాడ
రెండు దెబ్బలు కొట్టిన.
మెల్లగనే.

వేళ్లు ఆగినయి.
నా దిక్కు పూర్తయేదాక ఆగినట్టే,
దుప్పటి మీద, నడుమ కాడ.

చెవి ఆనించిన.
లోపల ఇంకా
గుడ్డ చిరుగుతనే ఉన్నది.