గీత మీది కాయ

జూన్ నెల. గుడిపాల రోడ్డు పొడుగునా
తోతాపురి కాయల ట్రాక్టర్లు
ఒకదాని తోక పట్టుకుని ఒకటి.
టార్పాలిన్ల కింద రైతుల గురకలు.
గేటు లోపల, గుజ్జు ఫ్యాక్టరీలో, నా యంత్రం.

దాని గుట్టు నాకు తెలుసు.
కాయ రంగు ఒక అంకె, బరువు ఒక అంకె,
రెండూ కలిస్తే కాగితం మీద ఒక చుక్క.
లక్ష కాయలకు లక్ష చుక్కలు,
చీమల పుట్ట చెదిరినట్టు.
వాటి నడుమ నేను గీసింది ఒకే గీత.
ఇటు పడితే గుజ్జు, అటు పడితే గుంత.
బ్రహ్మ నొసట రాస్తాడంటారు,
నేను స్కేలు పెట్టి రాశాను.

గీశానా నేనే?
మేనేజరు సుగుణాకర్ రెడ్డి కిలో ధర చెప్పాడు.
ఆయనకు ఫోనులో ఎవరో చెప్పారు.
వాళ్ళకు ఎక్కడో రేవులో ఆగిన ఓడ చెప్పింది,
ఓడకు గాలి.
మేలో తవణంపల్లి తోటల్లో పడ్డ వడగండ్లు కూడా
నా స్కేలును నూలుపోగంత పక్కకు జరిపాయి.
వెనక్కి నడిచేకొద్దీ
ఇదిగో వీడే అని వేలు పెట్టి చూపడానికి
మనిషి దొరకలేదు.

రాత్రి రెండున్నరకు ఒక కాయ
సరిగ్గా గీత మీదే పడింది.
అలాంటప్పుడు మళ్ళీ తిప్పమని రాసిందీ నేనే.
బెల్టు చుట్టూ తిప్పి తెచ్చింది,
కెమెరా చూసింది,
మళ్ళీ తిప్పింది.
పదకొండోసారి వచ్చేసరికి
ఆ కాయతో నాకు ముఖపరిచయమైపోయింది.
ముక్కు పక్కన చిన్న నల్ల మచ్చ.

బెల్టు చివర మునికాంత చెయ్యి చాచింది.
కొంగుకు తుడిచి, ముక్కు కొరికి ఉమ్మేసి,
నిలబడే తినేసింది.
మోచేతి దాకా రసం.

"ఎందుకు తీశావు?" అన్నాను.
"చెయ్యి పోయింది సా."
"నువ్వు పంపావా, అదే పోయిందా?"
టెంక చీకుతూ కాసేపు నన్ను చూసింది,
నాకు జ్వరమేమో అన్నట్టు.
"నువ్వు యాల అడిగితివో
అది చెప్పు సా ముందు."

ఆకలి అని రాసుకోవచ్చు. వాసన అని.
తిరిగి తిరిగి వచ్చేదాన్ని చూసి చూసి విసుగు అని.
మూడు అంకెలు చేరితే ఇంకో గీత,
అంతే కదా.
నేనెందుకు అడిగానో మాత్రం
ఏ గడిలో రాయాలో తెలియలేదు.

తెల్లారి చూస్తే
ఫ్యాను గాలికి నా గ్రాఫు కాగితం ఎగరకుండా
ఎవరో టెంక పెట్టి పోయారు.
తీశాను. కింద పసుపు మరక, ఇంకా తడి,
గీతకు రెండు వైపులా.

బయట హారను.
ఇంకో లోడు.