పక్క గది

మా రేకుల షెడ్డులో మూడో గది దుర్యోధన్ మాఝీది.
గంజాం నుంచొచ్చాడు, చీమకుర్తికి,
రాయి పాలిషింగు పనికి.
(పేరు విన్నరోజు నవ్వాపుకోలేక చచ్చా.)

రాత్రి ఫోన్లో బామ్మర్దికి చెబుతుంటాడు.
వాడి భాష నాకు సగమే అందుద్ది:
కూలి అన్నాడు, ఆదివారం కోడికూర అన్నాడు,
రాతిపొడి దగ్గరికొచ్చేసరికి
దగ్గి ఊరుకున్నాడు.

"వాళ్లని రమ్మంటావా అక్కా?
పక్క గది ఖాళీయేగా."

ఏం చెప్పను?
క్వారీలో మందు పేలితే గిన్నెలదురుతాయి.
నల్లరాయిలో చుక్కలు మెరుస్తాయి గానీ
అవి ఓడెక్కి పోయేవి.
మేస్త్రి మంచోడే, జీతాల రోజు తప్ప.

నేనూ ఈ ఊరిదాన్ని కాదు.
కనిగిరి అవతల పల్లె మాది.
పని చూద్దామని బస్సు దిగా.
కుళాయి కాడ బిందె నిండేదాకా
ఓ పిల్ల ఊరికే నవ్వుతా ఉంది,
తెల్లటి పళ్లు.
మా బోరునీళ్లు తాగిన పిల్లలు
చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతారు.
పని సంగతి మర్చిపోయా,
ముందు గది వెతుక్కున్నా.

వాడి బామ్మర్దికి ఏడేళ్ల కూతురంట.

"పిల్లని కూడా తెమ్మను" అన్నా.
"అడ్వాన్సు మాత్రం రెండు నెల్లు."