ఉందట

పగలు నా గొంతు మినీబస్సుది.
సేహా, సేహా, పెరేస్, ఎక్కాలి ఎక్కాలి!
తలుపు పట్టుకు వేలాడుతూ
ఎల్ ఆల్తో వీధుల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో అమ్ముతాను.
నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఊపిరి చవక కాదు.

రాత్రి ఏడింటికి ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తు.
హీటరు లేదు. పాత రూటర్లు ఆరున్నాయి,
వాటి వెనక వేడిగాలికి అరచేతులు కాచుకుంటాం
నేనూ, ఎస్తెఫా లాయ్మే.
ఇంజనీర్ తంబో బోర్డు మధ్యన గీత గీశాడు:
ఎడమ రిప్, కుడి ఓఎస్‌పీఎఫ్.
"వీళ్ళకి మాటల్లేవు. కలపండి."
కోకా టీకి వెళ్ళిపోయాడు.

రిప్ నాకు వెంటనే అర్థమైంది. అది మా స్టాండు.
ఎవరూ దారి చూసి ఉండరు.
పక్కవాడు చెప్పాడు గనక చెబుతారు:
ఆ ఊరు ఉందట,
మూడు మజిలీలట,
నా మీదుగా అయితే నాలుగట.
పదహారు అంటే వాళ్ళకి అనంతం,
ఆ లెక్క దగ్గర ఊరు ఉన్నా లేనట్టే.

కుడివాళ్ళు వేరు.
ఒక్కొక్కరి చేతిలో పటం మొత్తం ఉంటుంది.
ఏ తీగ ఎంత వెడల్పు, ఏది ఇప్పుడే తెగింది.
అక్కడ అట లేదు.
చూశాం, లెక్కేశాం, ఇదీ ఖర్చు.

నడుమ ఒక రూటరు పెట్టి రెండు భాషలూ నేర్పాం.
ఎడమకి ఒక్క ఊరూ రాలేదు.
గంటసేపు కేబుళ్ళని అనుమానించాం.
తీరా, దూరం ఎంతో చెప్పడమే మరిచాం.
ఆ ఖర్చు ఈ మజిలీల్లోకి మారదు,
అంకె మనమే ఇవ్వాలి.
"మూడు వెయ్యి," అంది ఎస్తెఫా.
మూడెందుకు?
"వానొస్తే టికెట్ ధర నువ్వెలా చెబుతావ్?"
వచ్చాయి ఊళ్ళు.
దగ్గరివీ దూరానివీ అన్నీ మూడే మజిలీల్లో.

అక్కడ ఆగాల్సింది.
ఇది తెగితే ఎలా అని రెండో సరిహద్దు కూడా పెట్టాం.
పింగ్ పోయింది, రాలేదు.
దారి అడిగితే తెర మీద
అదే రూటరు, ఆ పక్కది, అదే రూటరు, ఆ పక్కది,
గానుగెద్దు నడక.
ప్యాకెట్టు అడుగుకో ఆయువు రాల్చుకుని చచ్చింది.

తంబో కప్పు దించకుండానే చూశాడు.
"ఎవరు చెప్పారో మరిచిపోయారు."

అప్పుడు తట్టింది.
ఎడమవాళ్ళ అట
మొదటి సరిహద్దు దాటుతూ తోక రాల్చుకుంది.
పటం ఉన్నవాళ్ళ నోట పడి
ఉంది అయిపోయింది.
రెండో సరిహద్దుకి రెండూ అందాయి:
పొరుగువాడి ఉందట, పెద్దమనిషి ఉంది.
పెద్దమనిషినే నమ్మింది.
నమ్మి, ఎడమవాళ్ళ పుకారుని
ఎడమవాళ్ళకే వార్తగా అమ్మింది.

నేనూ రోజూ ఆ సరిహద్దు దాటేవాణ్ణే.
ఇంట్లో అయ్‌మారా: చూసిన మాటకో తోక, విన్న మాటకో తోక.
తలుపు దగ్గర స్పానిష్:
అరుపుకి తోకలెందుకు?

"మా అమ్మయితే చెవికి ఊలు కడుతుంది," అంది ఎస్తెఫా.
చరాన్యా బీళ్ళలో మందలు కలిసిపోతాయి.
ఎర్ర ఊలు వాళ్ళది, పసుపు ఎవరిదో.
పొద్దువాలితే ఏ లామా ఏ దొడ్డిదో
పసిపిల్లైనా చెబుతుంది.
ఆ రాత్రి ప్రతి దారి చెవికీ ఒక అంకె కట్టాం,
డెబ్బై ఏడు.
రెండో సరిహద్దులో ఒకటే వాక్యం:
ఈ ఊలుదాన్ని పుట్టింటికి పంపకు.

తెర మీద ఐదు ఆశ్చర్యార్థకాలు.
ఎస్తెఫా చేతులు మళ్ళీ వేడిగాలి దగ్గరికి పోయాయి.

పొద్దున్నే మూటతో ఒకామె:
"రియో సేకో దగ్గర రోడ్డు తెరిచే ఉందా?"
నాకు చెప్పింది డ్రైవరు, అతనికింకో డ్రైవరు.
నిన్నటిదాకా అయితే ఉంది అనేవాణ్ణి.
"తెరిచే ఉందట," అన్నాను.
ఆమె నా మొహం చూసి
మూట దించుకుని వెనక బస్సుకి నిలబడింది.
అద్దంలోంచి డాన్ ఎలాదియో తిట్లు.
రెండు బొలివియానోలు పోయాయి.
సేహా, సేహా, పెరేస్.